పొయ్యి పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది):

తేలికైన పొయ్యి, తెరచాటు గాలికి
ఆరిపోని మంట, యడవిలోన
నింధనమ్ము దొరుకు నెడనెల్ల వెలిగెడి
దానిఁ గొనుము బరువు ధరనుఁ జూచి.

ప్రతిపదార్థం: తేలికైన = వీపున మోసినా నడుము విరగని; పొయ్యి = వెంట తీసుకుపోయే స్టౌ; తెరచాటు = తెర మాటున; గాలికి = కొండగాలికి; ఆరిపోని మంట = కొండ మీద ఉండి కూడా కొండెక్కని జ్వాల; అడవిలోనన్ = ఊరికి దూరమైన చోట; ఇంధనమ్ము = గ్యాసో, కిరసనాయిలో, స్పిరిటో; దొరుకునెడన్ ఎల్లన్ = దొరికే ప్రతి తావునా; వెలిగెడి దానిన్ = అంటుకునేదానిని; బరువు, ధరనున్ = తూకాన్నీ వెలనూ; చూచి = పరిశీలించి; కొనుము = కొనుక్కో.

తాత్పర్యం: ఆరుబయట వండుకునేవారు తాము మోయగలిగినదీ, గాలికి నిలిచేదీ, వెళ్లే చోట దొరికే ఇంధనంతో మండేదీ అయిన స్టౌను ఎంచుకోవాలి.

విశేషాలు: పద్యంలో విశేషణాలు అనేకం, క్రియ ఒక్కటే. స్టౌ కొనేవారు సాధారణంగా మొదటి విశేషణం దగ్గరే ఆగిపోతారు. అన్వయక్రమంలో మాత్రం మూడో పాదమే ముందు రావాలి. ఏ ఇంధనం దొరుకుతుందో తేలాకే ఏ పొయ్యి అన్నది తేలుతుంది.

‘తేలికైన’: ఎవరికి తేలిక అన్నది కవి చెప్పలేదు. కార్తీక వనభోజనానికి కారులో వెళ్లి ఉసిరిచెట్టు కింద దిగేవారికి అయిదు కిలోల గ్యాస్ బండ కూడా తేలికే. వీపున సంచితో కొండెక్కేవారికి, గ్యాస్ డబ్బా నెత్తిన మర బిగించుకునే బుల్లి బర్నర్ కావాలి. అది వంద గ్రాముల లోపు కూడా దొరుకుతుంది. ఈ రెంటికీ నడుమ, పెట్టెలా ఉండి పక్క అరలో గ్యాస్ డబ్బా పట్టే కాసెట్ స్టౌ ఉంది. దాన్ని చేత్తో మోయవచ్చు గాని రోజంతా మోయలేరు. స్పిరిట్ స్టౌ చూపులకు అన్నిటికంటే తేలిక. అయితే బరువుకు బరువు చూస్తే స్పిరిట్ ఇచ్చే వేడి గ్యాస్ ఇచ్చేదానిలో సగానికి కొంచెమే ఎక్కువ. నాలుగు రోజుల ప్రయాణమైతే స్టౌలో మిగిలిన బరువు సీసాలోకి చేరుతుంది. అందుచేత ‘తేలికైన’ అన్నది పొయ్యికి, ఇంధనానికి, గిన్నెకు కలిపి చెప్పిన విశేషణంగా గ్రహించాలి.

‘తెరచాటు’: ఇక్కడ ఒక పూర్వపక్షం ఉంది. తెర అంటే గుడారం బట్ట, కాబట్టి గుడారంలో కూర్చుని వండుకొమ్మని కవి ఆదేశం అని కొందరంటారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే పాండిత్యం. గుడారాలు ఎక్కువగా నైలాన్, పాలిస్టర్ బట్టతో చేసినవి. నిప్పు తగిలితే కరిగి మీద పడతాయి. అంతకంటే ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. మూసిన చోట ఏ మంటైనా దాన్ని పుట్టించగలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారిని అది లేవనివ్వదు. కాబట్టి తెర అంటే పొయ్యి చుట్టూ నిలబెట్టే పలుచని రేకు అనే సిద్ధాంతం.

ఆ రేకుకూ ఒక అపవాదం ఉంది. డబ్బా మీదే బర్నర్ కూర్చునే రకానికి రేకును చుట్టూ బిగుతుగా కట్టకూడదు. వేడి లోపలే తిరిగి డబ్బాను కాలుస్తుంది. రేకు గాలి వచ్చే వైపు మాత్రమే ఉండాలి. కాసెట్ స్టౌ మీద అట్ల పెనం, పెద్ద మూకుడు పెడితే అవి డబ్బా ఉన్న అర మీదికి విస్తరించి అదే పని చేస్తాయి. లోపలి ఒత్తిడి పెరిగితే డబ్బాను విడదీసే ఏర్పాటు మంచి స్టౌలలో ఉంటుంది. ఉంది కదా అని పరీక్షించి చూడరాదు.

‘గాలికి’, ‘ఆరిపోని’ పదాల మధ్య సంధి చేయకపోవడం దోషమని లాక్షణికులు అనవచ్చు. గాలికీ మంటకూ సంధి కుదరదని కవి హృదయం.

‘ఇంధనమ్ము’: వ్యాఖ్య విస్తరించవలసిన చోటు ఇదే. చవక డబ్బాల్లో ఉండేది ప్రధానంగా బ్యూటేన్. అది సున్నాకు అర డిగ్రీ దిగువన మరుగుతుంది, అంతకంటే చల్లబడితే ద్రవంగానే ఉండిపోతుంది. ఐసోబ్యూటేన్ దాదాపు మైనస్ 12 డిగ్రీల దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. గోదావరి ఒడ్డున వండుకునేవారికి ఈ భేదంతో పనిలేదు. పుష్య మాసపు తెల్లవారుజామున లంబసింగిలో టీ పెట్టుకునేవారికి ఉంది. ఆవిరయ్యే కొద్దీ డబ్బా తనంతట తానే చల్లబడుతుంది కనుక, బయట మూడు నాలుగు డిగ్రీలున్నా లోపల సున్నాకు దిగి మంట నీరసిస్తుంది. అక్కడికి ప్రొపేన్ కలిసిన డబ్బా తీసుకువెళ్లాలి. లేదా రాత్రి డబ్బాను దుప్పట్లో పెట్టుకోవాలి. పొయ్యి మీద డబ్బాను వెచ్చచేయడం అనే మూడో మార్గాన్ని శాస్త్రం ఒప్పుకోదు.

కిరసనాయిలుకు చలి బాధ తక్కువ. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ రూపొందించిన ప్రైమస్ స్టౌ ఈ జాతికి మూలపురుషుడు. పంపు కొడితే నూనె పైకెక్కి, ముందే వేడెక్కిన గొట్టంలో ఆవిరై, సన్నని రంధ్రం నుంచి హోరుమంటూ మండుతుంది, మసి రాదు. 1911లో దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సెన్ బృందం వెంట వెళ్లినదీ, తెలుగు వంటిళ్లలో పిన్నుతో పొడిపించుకున్నదీ ఈ వంశమే. ఇప్పటి చిక్కు వేరు. రేషన్ దుకాణంలో కిరసనాయిలు అరుదైపోయింది. పెట్రోలు, కిరసనాయిలు రెండూ తాగే బహుళ ఇంధన స్టౌలు దూర ప్రయాణాలకు మేలు. వాటి ధర మాత్రం నాలుగో పాదంలోకి వస్తుంది. స్పిరిట్ మంట పగటి వెలుగులో కనబడదు. ఆరిందనుకుని మళ్లీ పోయడం చేతులు కాల్చుకునే పద్ధతి.

‘అడవిలోన’ పదాన్ని ‘ఇంధనమ్ము’తో కలిపి, అడవిలో దొరికే పుల్లలే ఇంధనమని అన్వయించేవారు ఉన్నారు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నిప్పు రాజేయడం నేరం. వేసవిలో నల్లమల ఆకురాలు అడవికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ అన్వయం త్యాజ్యం.

‘దొరుకునెడ’: ఇంటి నుంచి మోసుకుపోతే సరిపోదా అన్న శంక వస్తుంది. విమానంలో గ్యాస్ డబ్బాను ఏ సంచిలోనూ పెట్టనివ్వరు. రైలులో ప్రమాదకర వస్తువులు తీసుకువెళితే 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. 2023 ఆగస్టు 26న మదురైలో నిలిపి ఉన్న యాత్రికుల బోగీలో, అక్రమంగా తెచ్చిన సిలిండర్ వల్ల మంటలు లేచి 9 మంది చనిపోయారు. కనుక ఖాళీ స్టౌ ఇంటి నుంచి, ఇంధనం గమ్యం నుంచి. ఎంత కొనాలన్నది లెక్క కట్టవచ్చు. లీటరు నీరు మరగడానికి పదిహేను గ్రాముల గ్యాస్ చొప్పున వేసుకుని, గాలి ఉంటే ఇంకొంత కలుపుకోవాలి.

‘వెలిగెడి’: కవి వెలిగెడి అన్నాడు గాని ఉడికించెడి అనలేదు. ఈ జాగ్రత్తకు కారణముంది. సుమారు 3,500 మీటర్ల ఎత్తున నీరు 88 డిగ్రీలకే మరుగుతుంది. ఎంత పెద్ద మంట పెట్టినా కందిపప్పు మెత్తబడదు. ఆ తప్పు పొయ్యిది కాదు, చిన్న ప్రెషర్ కుక్కర్ లేకపోవడానిది. ఇక దిగువన, సన్నమంట పెట్టలేని స్టౌ ఉప్మా అడుగు మాడుస్తుంది. నీళ్లు మాత్రమే కాచుకునేవారికి హోరు మంట చాలు, అన్నం వండేవారు మంట ఎంత పెరుగుతుందో గాక ఎంత తగ్గుతుందో చూసుకోవాలి.

‘బరువు ధర’: ద్వంద్వ సమాసం. ఇది నిజంగానే ద్వంద్వయుద్ధం. ఒకటి తగ్గితే రెండోది పెరుగుతుంది. టైటానియం స్టౌ మిగిల్చే గ్రాములను సంచిలోని రెండో చొక్కా వదిలేసి కూడా మిగుల్చుకోవచ్చు.

‘జూచి’: క్త్వార్థకం గనుక చూడడం కొనడానికి ముందే జరగాలి. స్టౌ మర, ఊళ్లో దొరికే డబ్బాల మర ఒకటేనా? కొన్ని మర బిగించేవి, కొన్ని గాడిలో ఇరికించేవి. గిన్నెను మోసే చువ్వల మీద ఇంటి గిన్నె ఒరగకుండా నిలుస్తుందా? కాసెట్ స్టౌ అయితే డబ్బా అర మూత సరిగా పడుతుందా? పంపు స్టౌ అయితే వాషర్లు, పిన్ను విడిగా ఇస్తారా? బిగించాక సబ్బునీళ్లు రాస్తే బుడగలొస్తున్నాయా? ఈ చివరి పరీక్షను దుకాణదారు ఒప్పుకోకపోతే ఇంటి పెరట్లో చేసుకోవాలి.