చచ్చిందా? మళ్లీ లేపు!

అండమాన్‌లోని డెలానీపూర్‌లో తెలుగువాళ్లున్నారు, బెంగాలీలున్నారు, తమిళులున్నారు. అందరికీ అర్థమయ్యే మాట ఒకటుంది: ‘సర్వర్ డౌన్ హై’. కౌంటర్ వెనకాల సారు తలెత్తకుండానే అనేస్తారు. ఇంకేం అడుగుతాం?

ఒకప్పుడు సర్దుకుపోయాం. దీవులాయె, ఉపగ్రహం మీద ఈడ్చుకొచ్చే ఇంటర్నెట్టాయె. 2020 ఆగస్టు 10న ప్రధాని మోదీ చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్‌ను ప్రారంభించారు. దాదాపు 2,300 కిలోమీటర్లు. రూ.1,224 కోట్లు. సముద్రం సాకు మునిగింది. మరి ‘డౌన్’ మునగలేదేం? తీగ భేషుగ్గా ఉన్నా, సర్వర్‌లో వెబ్ సర్వీసో డేటాబేసో గుడ్లు తేలేస్తే కౌంటర్ మూతే!

లేపడానికి ఒక్క కమాండ్ చాలు. లినక్స్‌లో వెనకటికి అపాచీ అనే వెబ్ సర్వర్‌ను లేపాలంటే ‘సర్వీస్ అపాచీ2 రీస్టార్ట్’ అని కొట్టేవారు. 2010లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ పుట్టాక వరస తిరగబడింది: ‘సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ అపాచీ2’. రెడ్ హ్యాట్ మిషనైతే పేరూ మారుతుంది, అక్కడ హెచ్‌టీటీపీడీ. అర్ధరాత్రి నిద్రకళ్లతో కుర్రాడు తప్పు కొట్టడా? కొడతాడు. ఆ కమాండ్‌కు రెండక్షరాల ఏలియాస్, అంటే పొట్టిపేరు, పెట్టుకుంటానంటే అది న్యాయమైన కోరికే.

పెద్దసారుకి అది ఆనదు. ‘సింపుల్‌గా ఉండాలోయ్, ఒకటే బటన్!’ నొక్కితే వెబ్, డేటాబేస్, మెయిల్ అన్నీ ఒక్కసారే రీస్టార్ట్. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టడమంటే ఇదే. సగం ఫారం నింపిన జనం? మళ్లీ మొదట్నుంచి నింపుకోండి! ‘రీలోడ్’ అని ఒకటుంది. సెట్టింగు మార్చినప్పుడు సర్వీసు ప్రాణం తీయకుండానే కొత్తది చదివిస్తుంది. ఆ ముక్క టెండర్‌లో రాయలేదు కాబోలు.

అధికారం సంగతి ఇంకా ముచ్చట. ఫలానా మనిషి ఫలానా సర్వీసును మాత్రమే రీస్టార్ట్ చేయొచ్చని ఎవరికి ఏ అధికారమో చెప్పే సుడో ఫైల్లో ఒక్క వరస రాస్తే సరిపోతుంది. రాస్తారా? అబ్బే! సర్వాధికారాలూ ఇచ్చే రూట్ పాస్‌వర్డ్ చీటీ మీద, చీటీ మానిటర్ మీద. వెనక గోడకు సైబర్ భద్రత పోస్టర్. లేదంటే పాస్‌వర్డ్ ఒకే ఒక్క కాంట్రాక్టు కుర్రాడి బుర్రలో. వాడు ఓడెక్కి చెన్నై పోయాడు.

ఇంత హడావుడిలో అసలు ఎందుకు చచ్చిందని అడిగిన మగాడున్నాడా? సర్వీసుల లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్ కొడితే బోలెడు కథ చెబుతుంది. డిస్కు నిండిందా, మెమరీ చాలలేదా, సెట్టింగుల్లో ఎవరైనా వేలు పెట్టారా. చదివితే ఎవరి నిర్వాకమో తేలిపోదూ? అందుకే చదవరు. బటన్ నొక్కి, ‘సమస్య పరిష్కరించబడినది’ అని ఫైల్లో గీకేస్తే పోలే!

ఆ సిస్టమ్‌డీకైనా సిగ్గుంది. పడినప్పుడల్లా లేపమని చెప్పి వదిలినా, మామూలు సెట్టింగుల్లో పది సెకన్లలో ఐదుసార్లే లేపి చూస్తుంది. ఆరోసారి ఇక నావల్ల కాదని ఆగి, ‘ఫెయిల్డ్’ అని ఉన్నదున్నట్టు రాసిపెడుతుంది. మన సార్ల ఫైళ్లలో ఆ ఒక్క మాట ఎప్పుడైనా చూశారా? వాళ్లు ఏళ్ల తరబడి అదే బటన్ నొక్కుతున్నారు, రేపూ నొక్కుతారు. లంచ్ తర్వాత రమ్మంటారు.

వెళ్తారుగా?