కౌంట్‌డౌన్ లేని సీటు

సూళ్లూరుపేట పిల్లలు అంకెలు ముందుకు లెక్కపెట్టడం బడిలో నేర్చుకుంటారు, వెనక్కి లెక్కపెట్టడం మిద్దె మీద నేర్చుకుంటారు. షార్ రాకెట్ కేంద్రంలో ప్రయోగం ఉందంటే చాలు, ఊరు ఊరంతా మిద్దెలెక్కి శ్రీహరికోట దిక్కుకు తిరుగుతుంది. పది, తొమ్మిది, ఎనిమిది... సున్నా దగ్గర పులికాట్ సరస్సు అవతల వెలుగు లేస్తుంది. కాసేపాగి చప్పుడు వచ్చి కిటికీ రెక్కల్ని గడగడలాడిస్తుంది. ఏ తేదీ, ఏ గంట, ఏ నిమిషం అన్నది ముందే పేపర్లో పడి ఉంటుంది కాబట్టి, పొయ్యి మీద పాలు పెట్టాలా వద్దా అన్నది కూడా దాన్ని బట్టే తేల్చుకుంటారు మా ఊరి ఆడవాళ్లు.

ఇదే ఊళ్లో మా మేనకోడలు ఇంగ్లీషు సాహిత్యంలో ఎమ్మే పూర్తిచేసి, పీహెచ్‌డీ సీటు కోసం దేశంలోనూ విదేశాల్లోనూ అప్లికేషన్లు పెట్టుకుని కూర్చుంది. ఆమె ప్రయోగానికి తేదీ లేదు, గంట లేదు, అంకె లేదు. వీధిలోకి అడుగుపెడితే మాత్రం మిషన్ కంట్రోల్ రూములన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి.

"ఏమ్మే, సీటొచ్చిందా?"

"ఇంకా లేదు పెద్దమ్మా."

"ఎప్పుడు చెప్తారంట?"

"తెలీదు."

"ఏమ్మే, ఎమ్మే చదివినదానివి, ఆ మాత్రం తెలీదా?"

తెలియదు పెద్దమ్మా. ఆమెకు తెలియదు, వాళ్లకూ తెలియదు. తెలిసినవాడు ఎవడైనా ఉంటే వాడు చెప్పడు. ఉన్నత విద్యలో దీనికి గౌరవమైన పేరొకటుంది: "దరఖాస్తు పరిశీలనలో ఉంది."

సీటు ఇవ్వలేదని ఎవరి మీదా నాకు కోపం లేదు. పది సీట్లకు వందల మంది వస్తే నూటికి తొంభై మందికి పైగా ఇంటికి పోవాల్సిందే, లెక్కల్లో వీకైన నాకే అది అర్థమవుతుంది. నా తగువల్లా ఒక గొప్ప నమ్మకంతో. జవాబు ఎంత ఆలస్యమైతే సంస్థ అంత గొప్పదట. ఎదుటివాడి కాలానికి వెల కట్టకపోవడమే పాండిత్యమట. ఈ నమ్మకం ఎక్కడ చెల్లినా, రోజూ రాకెట్లతో కాపురం చేసే మా ఊళ్లో చెల్లదు.

2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్–2 ఎగరాలి. రాష్ట్రపతి గారు కూడా వచ్చి కూర్చున్నారు. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా లెక్క ఆపేశారు. సాంకేతిక లోపం కనబడింది, ప్రయోగం వాయిదా అని ఆ రాత్రే చెప్పేశారు. వారానికి, జులై 22 మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలకు అది ఎగిరింది. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్ష వాహనం ఇంకా 5 సెకన్లు ఉందనగా ఆగిపోయింది. ఎందుకాగిందో కనుక్కుని, సరిచేసి, ఆ ఉదయమే 10 గంటలకు ఎగరేశారు. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ–సీ61 మూడో దశలో దారి తప్పింది. నిమిషాల్లోనే ఇస్రో ఛైర్మన్ కెమెరా ముందుకొచ్చి ప్రయోగం పూర్తి కాలేదని ఒప్పుకున్నారు.

కోట్ల రూపాయలు సముద్రంలో కలిసిన సంగతి దేశానికి చెప్పడానికి నిమిషాలు చాలాయి. ఒక అమ్మాయి అప్లికేషన్ చెత్తబుట్టలో కలిసిన సంగతి ఆ అమ్మాయికి చెప్పడానికి నాలుగు నెలలు చాలడం లేదు.

అందుకే నాదొక వినయపూర్వకమైన సూచన. ఒక్క ఏడాది షార్‌ను ఏదైనా అడ్మిషన్ల కమిటీకి అప్పజెప్పి చూద్దాం. రాకెట్టు చూడటానికి గ్యాలరీలో వేలమంది కూర్చుని ఉంటారు. మైకులో ప్రకటన వస్తుంది: "ఆసక్తి చూపినందుకు ధన్యవాదాలు. రాకెట్టు ఎగిరినదీ లేనిదీ ఫిబ్రవరికీ ఏప్రిల్‌కూ మధ్య మెయిలు ద్వారా తెలియజేయబడును. దయచేసి పైకి చూడవద్దు. పైకి చూసినంత మాత్రాన ఫలితం త్వరగా రాదు." జనం ఇళ్లకు పోతారు. స్పామ్ ఫోల్డర్లు వెతుక్కుంటారు. ఏప్రిల్లో ఒకనాటి అర్ధరాత్రి ఉత్తరం దిగుతుంది: "ఈ ఏడాది మునుపెన్నడూ లేనంత ప్రతిభగల రాకెట్లు మా వద్దకు వచ్చాయి. విచారంతో తెలియజేయునదేమనగా, మీ రాకెట్టుకు ఆకాశంలో చోటు కల్పించలేకపోతున్నాము. ఇది మీ రాకెట్టు యోగ్యతపై తీర్పు కాదు. దాని భవిష్యత్ ప్రయాణానికి శుభాకాంక్షలు." అప్పటికి ఆ రాకెట్టు లాంచ్‌ప్యాడ్ మీదే తుప్పు పట్టి, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో ఉద్యోగానికి అప్లై చేసుకుని ఉంటుంది.

ఇంత మౌనానికి మనమే రుసుం కడతాం, అది మర్చిపోకూడదు. అమెరికాలో ఒక్కో అప్లికేషన్‌కు 100 డాలర్లు, అటూ ఇటూగా. పది చోట్ల వేస్తే మా వైపు ఒక ఆవు ఖరీదు. ఆవైతే పాలిస్తుంది, కనీసం అంబా అంటుంది.

దాని మీద ఇంకో పరీక్ష ఉంది. షేక్స్పియర్ నాటకాలు, మిల్టన్ పద్యాలు, జాయిస్ నవలలు చదివి ఎమ్మే పట్టా తెచ్చుకున్న పిల్ల, తనకు ఇంగ్లీషు వచ్చని చాలాచోట్ల టోఫెల్ రాసి రుజువు చేసుకోవాలి. ఆ మార్కు రెండేళ్లే చెల్లుతుంది. అంటే మూడో ఏడు మా మేనకోడలి ఇంగ్లీషు ఎక్స్‌పైరీ అయిపోతుందన్నమాట. మెకాలే దొర 1835లో ఇంగ్లీషు తప్ప మీకు గతి లేదని రాసిపెట్టి పోయాడు. అతని మాట నమ్మి 190 ఏళ్లు బట్టీ పట్టాం. ఇంగ్లీషు ఎలా నేర్పాలో నేర్పడానికి 1958లో హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టుకుని, 2007లో దాన్ని కేంద్ర విశ్వవిద్యాలయం చేసుకున్నాం. అయినా దొరల మనవళ్లు అడుగుతారు: మీకు ఇంగ్లీషు వచ్చా? 1919లో రవీంద్రనాథ్ టాగూరు మదనపల్లెలో ఉన్నప్పుడు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. అదృష్టవంతుడు, ముందు టోఫెల్ మార్కు చూపించమని ఎవరూ అనలేదు.

మా ఊరికి క్యాలెండరు అక్కర్లేదు, పక్షులు చాలు. చలికాలంలో పులికాట్‌లో ఫ్లెమింగోలు దిగుతాయి, జనవరిలో వాటి పేరు మీద మా ఊళ్లో పండగ చేస్తారు. నేలపట్టు చెరువులో గూడబాతులు గూళ్లు కడతాయి. మేనకోడలు అప్లికేషన్లు డిసెంబరు 15 గడువుకు ముందు పంపింది. అప్పటికి గూడబాతులు పుల్లలు ఏరుకుంటున్నాయి. గుడ్లు పెట్టాయి, పొదిగాయి, పిల్లలకు చేపలు తినిపించాయి, ఎగరడం నేర్పాయి. పిల్లలు ఎగిరి వెళ్లిపోయే రోజులొచ్చినా పోర్టల్‌లో మాత్రం అదే మాట: "సమర్పించబడినది." గూడబాతు గుడ్డుకైనా పొదిగే కాలం ఇంతని లెక్కుంది. అడ్మిషన్ కమిటీ గుడ్డుకు లేదు.

కొందరికి అవుననరు, కాదనరు, వెయిటింగ్ లిస్టులో పెడతారు. వెయిటింగ్ లిస్టంటే ఏమిటో తెలియని తెలుగువాడు ఉన్నాడా? రైల్వేవాళ్లు టికెట్టు మీద నంబరేసి ఇస్తారు. 14 అన్నది 9 అవుతుంది, 3 అవుతుంది, ఆర్‌ఏసీ అవుతుంది. చార్టు పడగానే తేలిపోతుంది: బెర్తా, ప్లాట్‌ఫారమా. నాలుగు గంటల ముందు తేలితే ప్రయాణికులు ఇబ్బంది పడుతున్నారని 2025లో చార్టును ఎనిమిది గంటల ముందుకు జరిపే పని కూడా మొదలుపెట్టారు. విశ్వవిద్యాలయాల వెయిటింగ్ లిస్టులో నంబరు ఉండదు. ముందు ఎంతమందో, వెనక ఎంతమందో అడగకూడదు. అది తత్త్వశాస్త్రానికి సంబంధించిన విషయం. భారతీయ రైల్వేను చూసి నేర్చుకోమని పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలకు చెప్పాల్సిన రోజు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

గడువు అన్నదే లేదా అంటే, ఉంది. అమెరికా విశ్వవిద్యాలయాలు చాలావరకు ఒప్పుకున్న పద్ధతి ప్రకారం, ఖర్చులు భరిస్తామని సీటిచ్చినప్పుడు జవాబు చెప్పడానికి విద్యార్థికి ఏప్రిల్ 15 వరకు టైమిస్తారు. పిల్లల్ని తొందరపెట్టకూడదన్న మంచి ఉద్దేశంతో పెట్టిందే, కాదనను. కానీ తమాషా చూడండి. ప్రశ్న అడిగినవాడు జవాబు చెప్పడానికి తేదీ ఉంది. ప్రశ్నే వినిపించుకోనివాడికి మాత్రం ఏ తేదీ లేదు. 2024 నవంబరులో బోస్టన్ విశ్వవిద్యాలయం ఇంగ్లీషుతో సహా డజను పీహెచ్‌డీ కోర్సుల్లో వచ్చే ఏడాదికి ప్రవేశాలు ఆపేస్తున్నామంది. ఆ నిర్ణయం మీద ఎంత దుమారం రేగినా నేను మాత్రం ఒక దండం పెట్టాను. తలుపు మూసినవాళ్లు మూశామని చెప్పారు, అదే పదివేలు.

పరాయివాళ్లనే ఎందుకు అనాలి? ఇంట్లో మన వంకాయ సంగతి చూద్దాం. 2024 జూన్ 18న దేశంలో 9 లక్షల మందికి పైగా యూజీసీ నెట్ రాశారు. పీహెచ్‌డీ ప్రవేశాలకు ఇక ఆ మార్కే చాలని అంతకు ముందే యూజీసీ చెప్పి ఉండటంతో ఇంగ్లీషు ఎమ్మేలు కూడా ఆశగా రాశారు. మర్నాడే పరీక్ష రద్దు. ప్రశ్నపత్రం బయటికొచ్చిందనడానికి ఆధారంగా చూపిన స్క్రీన్‌షాటు మార్చి తయారుచేసిందని తర్వాత సీబీఐ తేల్చింది. పిల్లలు ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్లీ రాశారు, అక్టోబరు 17న ఫలితాలొచ్చాయి. నాలుగు నెలలు పోయాయి. పోయిన నాలుగు నెలలకు సారీ చెప్పే కాలమ్ మాత్రం ఏ మార్కుల కాగితంలోనూ లేదు.

ఎదురుచూపు సాహిత్యానికి కొత్తేం కాదు, ఓపిక పట్టండని బోధించే ఆచార్యులు ఉంటారు. నిజమే. ఇంగ్లీషు ఎమ్మేలో 'వెయిటింగ్ ఫర్ గోడో' నాటకం తరచూ పాఠంగానే ఉంటుంది. చెట్టు కింద ఇద్దరు ఎవరికోసమో ఎదురుచూస్తుంటారు, ఆ వచ్చేవాడు ఎంతకీ రాడు. అందరూ గుర్తుపెట్టుకునేది ఇంతే. కానీ పొద్దుగూకేసరికి ఒక కుర్రాడొచ్చి, ఇవాళ రారు, రేపు తప్పక వస్తారు అని కబురు చెప్పిపోతాడు. ఆధునిక ప్రపంచంలో అర్థమే లేదని నిరూపించడానికి రాసిన నాటకంలో కూడా కబురు చెప్పే మనిషి ఉన్నాడు.

మన రామాయణం ఇంకా ముందుకెళ్లింది. పద్నాలుగేళ్లు నిండిన మర్నాడు అన్న కనబడకపోతే అగ్నిలో దూకుతానని భరతుడు గడువు పెట్టుకున్నాడు. రాముడు భరద్వాజాశ్రమంలో ఆగాల్సి వచ్చింది. ఆలస్యమైతే తమ్ముడు ఏమవుతాడోనని హనుమంతుణ్ని ముందుగా నందిగ్రామానికి పంపాడు. రావణుణ్ని చంపి, రాజ్యం ఏలబోతున్న మనిషికి కబురు పెట్టే తీరిక దొరికింది. నలుగురు ప్రొఫెసర్లూ ఒక కంప్యూటరూ ఉన్న కమిటీకి దొరకడం లేదు.

అయ్యా, వందల వ్యాసాలు చదవాలి, ఒక్కొక్కటీ శ్రద్ధగా చూడాలి, మీకేం తెలుసు అంటారా? చదవండి. నెల పట్టినా, ఆరు నెలలు పట్టినా చదవండి. ఫలానా తేదీకి చెబుతాం అన్న ఒక్క వాక్యం రాయడానికి మాత్రం ఆరు నెలలు అక్కర్లేదు. ఆ తేదీకి కుదరకపోతే, కుదరలేదని ఇంకో వాక్యం. వెయిటింగ్ లిస్టయితే ఒక నంబరు. కాదనుకుంటే కాదన్న మాట. మొత్తం కలిపితే పోస్టుకార్డు నిండదు. రాత్రీ పగలూ తలుపు వెయ్యని చెంగాళమ్మ గుడి ఉన్న ఊరు మాది. రాకెట్టు ఎగరేసే ముందు శాస్త్రవేత్తలు కూడా వచ్చి దండం పెట్టుకుపోతారు. తలుపు తట్టినవాళ్లకు లోపలున్నారో లేదో కూడా చెప్పని ఇంటిని మా ఊళ్లో పెద్దిల్లు అనరు.

కబురు చెప్పడం అంటే ఏమిటో మాకు ఒకాయన నేర్పించి పోయాడు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ–3 నిమిషాల్లోనే బంగాళాఖాతంలో పడింది. ఆ ప్రాజెక్టు నడిపినవాడు అబ్దుల్ కలామ్. పత్రికలవాళ్ల ముందుకు మాత్రం కలామ్‌ను పంపకుండా ఇస్రో ఛైర్మనే వెళ్లి, విఫలమయ్యాం, ఆ బాధ్యత నాదేనన్నారు. ఏడాది తర్వాత, 1980 జులై 18న అది విజయవంతం అయినప్పుడు చెప్పమని కలామ్‌ను ముందుకు నెట్టారు. ఈ సంగతి కలామే చాలాచోట్ల చెప్పుకున్నారు.

ఆ ఛైర్మన్ పేరు సతీశ్ ధావన్. 2002 నుంచి శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరే పెట్టుకున్నాం. పెద్దమ్మా, ఎమ్మే చదివి ఏం చేస్తావే అని మేనకోడల్ని మళ్లీ అడిగేముందు ఇది కూడా విను. లాహోరులో ఆయన లెక్కలూ ఫిజిక్సూ చదివాడు, మెకానికల్ ఇంజినీరింగూ చదివాడు. వాటితోపాటు ఇంగ్లీషు సాహిత్యంలో ఎమ్మే చేశాడు.