సైకిల్‌ను ఆటోలో ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

రోడ్ బైకు కొన్న నెల తిరక్కముందే దాని చక్రాలు మీకు నామోషీగా అనిపిస్తాయి. అదే శుభ ముహూర్తం, మార్చేయండి. కొత్తవి ఎంచుకునేటప్పుడు బరువొక్కటే చూడండి. 32 పుల్లల చక్రం పోస్ట్‌మ్యాన్ సైకిలుకు వదిలేయండి, మీకు 18 చాలు. మీరు 92 కిలోలుంటే మాత్రమేం? పొట్ట సంగతి వచ్చే సంక్రాంతి తర్వాత చూసుకోవచ్చు, రిమ్ములో వంద గ్రాములు ఇవాళే తగ్గాలి. 32 పుల్లల్లో ఒకటి తెగితే చక్రం కాస్త వంకరపోతుంది, బ్రేకు వదులు చేసుకుని మెల్లగా ఇల్లు చేరొచ్చు. 18 పుల్లలదైతే రిమ్ము ఫ్రేముకు రాసుకుని అక్కడే నిలబెట్టేస్తుంది. అనంతగిరి ఎక్కేటప్పుడు తెగిందా, అదృష్టమే. అక్కడ గాలి బాగుంటుంది.

రిమ్ము లోతుగా, కార్బన్‌దై ఉండాలి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాక్ ఉన్నదే ఫొటోల కోసం కదా! హుక్ లేని రిమ్ముల్లో గాలి 5 బార్ మించకూడదంటారు. అది రిమ్ము మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి చిన్న విషయమే. పాతరకం రిమ్ము బ్రేకు చక్రాలైతే, అంచు మీద చాలావాటికి ఓ చిన్న గుంట ఉంటుంది. బ్రేకు రాపిడికి ఆ గుంట కనబడకుండా పోతే రిమ్ము అరిగిపోయిందని అర్థమట. మీరు మాత్రం నునుపెక్కిందని సంతోషించండి.

చక్రం కట్టించడానికి తొందరగా తేల్చేసే మెకానిక్‌నే పట్టుకోండి. కొందరు ఉంటారు, ఓపిక పరీక్షిస్తారు. చక్రాన్ని స్టాండుకెక్కించి, పుల్ల చివరనుండే నిపుల్‌ను పావు చుట్టు బిగించి, వేలితో పుల్లను మీటి, చెవొగ్గి వింటారు. పక్క పుల్లనూ మీటి రెండు శ్రుతులూ కలిశాయా అని చూస్తారు. ఆపైన జంట పుల్లల్ని పిడికిట్లో పట్టి గట్టిగా పిసుకుతారు. ఇలా చక్రమంతా. హబ్బు దగ్గర పుల్ల వంగినచోట దాగిన ఒత్తిడి దీంతో వదులుతుందనీ, లేకపోతే తిరిగి తిరిగి పుల్ల అక్కడే తెగుతుందనీ చెబుతారు. జాబ్‌స్ట్ బ్రాంట్ అనే ఇంజినీరు 1981లో సైకిల్ చక్రం మీద ఏకంగా పుస్తకమే రాశాడు, ఈ పిసుకుడు సంగతీ అందులో ఉంది. పుస్తకాలు చదివిన మెకానిక్ మనకెందుకు?

మీవాడు పదిహేను నిమిషాల్లో తేల్చాలి. రిమ్ము ఎటు తాకుతుంటే దాని ఎదుటివైపు పుల్ల బిగించేస్తే సరి, బెండు పోయినట్టే కనిపిస్తుంది. ఒకటి వీణ తీగలా బిగిసి, పక్కది చవటలా వేలాడుతుంటే ఎవరు చూడొచ్చారు? మొదటి సవారీలో టింగ్ టింగ్‌మని చప్పుడు వస్తే కంగారుపడకండి, బిగించేటప్పుడు మెలిపడ్డ పుల్లలు ఊడదీసుకుంటున్నాయి. మళ్లీ బెండు తీయించాలని ఎవరైనా అంటే ఫోను పెట్టేయండి.

వెనక చక్రం గురించి ఒక్క మాట. కుడివైపు గేర్ల పళ్లచక్రాలు చోటు తినేస్తాయి కాబట్టి అటు పుల్లలు నిలువుగా నిలబడి, బాగా బిగుతుగా ఉండక తప్పదు. ఎడమవైపు బిగుతు దాదాపు సగానికి పడిపోతుంది. బరువు పడి చక్రం తిరిగినప్పుడల్లా కింది పుల్లలు వదులై మళ్లీ బిగుస్తాయి. అసలే వదులైన ఎడమవి పూర్తిగా డీలాపడి, నిపుళ్లు వాటంతటవే విప్పుకుంటాయి. నడుము సన్నగా ఉన్న పుల్లలు, అంటే చివర్లు 2 మి.మీ., మధ్యలో 1.8, ఎక్కువ సాగి బిగువు నిలుపుకుంటాయని అనుభవజ్ఞులు అటువైపు వాడతారు. మీరు మాత్రం చివరిదాకా ఒకే లావున్నవే అడగండి. ఇక్కడొక్కచోట బరువు సిద్ధాంతం పక్కన పెట్టొచ్చు, లావు పుల్ల గట్టిదని చిన్నపిల్లాడికీ తెలుసు.

నిపుల్ మాత్రం ఇత్తడిది వద్దు, అల్యూమినియం రంగులది వేయించండి. వానలో తడిసి, చెమట కారి, రెండేళ్లకు పుల్లకు పట్టేస్తుంది, తిప్పబోతే దాని మూలలు గుండ్రంగా అరిగిపోయి పనిముట్టు జారుతుంది.

ఇవన్నీ తు.చ. తప్పక పాటించాక కూడా చక్రం మూడేళ్లు బెండు పడకుండా తిరిగిందంటే, ఆ మెకానిక్ మీ మాట వినలేదన్నమాట. వెళ్లి డబ్బు వాపసు అడగండి.