డోబెరిట్స్ దండయాత్ర

ముందు ఇష్టదేవతా స్తుతి.

బెర్లిన్ మెయిన్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నడుమెత్తు ఇనప్పెట్టె ఒకటి ఉంటుంది. దానికి కళ్లు లేవు, చెవులు లేవు, ఉన్నదల్లా అడ్డంగా చీల్చినట్టుండే సన్నటి నోరు. ఆ ఊళ్లో లోకల్ టికెట్టు కొన్నంత మాత్రాన అది టికెట్టు కాదు. ఆ నోట్లో పెట్టాలి, అది కసుక్కున కొరకాలి, తేదీనీ వేళనూ కాగితం మీద పచ్చబొట్టులా పొడవాలి. అంతదాకా మన చేతిలో ఉన్నది ఉత్త కాగితమే.

"బావగారూ, ముద్ర వేయించారా?" అన్నాడు మా బావమరిది.

అతడికి ఈ బాధ లేదు. జర్మనీలో 2023 మే నుంచి ఒక నెలవారీ టికెట్టు వచ్చింది. మొదట 49 యూరోలు, తర్వాత తర్వాత పెంచారు. అది ఫోనులో ఉంటే చాలు, దేశంలోని ప్యాసింజరు రైళ్లూ సిటీ బస్సులూ ట్రాములూ అన్నీ మనవే. అతడు సార్వభౌముడు, నేను సామంతుణ్ని. జేబులోంచి టికెట్టు తీసి రెండు చేతులా సమర్పించాను. టక్. పాంచజన్యం మోగితే కౌరవసేన గుండె ఎలా ఝల్లుమందో నాకు తెలియదు గానీ, ఆ టక్కుకి నా గుండె మాత్రం కుదుటపడింది.

ఇక బలగం వర్ణన. పదాతి దళం: ఇద్దరం. అందులో ఒకడు యాభై ఎనిమిదేళ్లవాడు, నొప్పి మోకాలు ఎడమది. రథ, గజ, తురగాలు: లేవు, బావమరిది కారు అమ్మేశాడు. ఆయుధాగారం: గొడుగు ఒకటి, ఫ్లాస్కు ఒకటి. కోశాగారం: చెల్లెలు కట్టిచ్చిన పులిహోర, మూత బిగుతు చాలని స్టీలు డబ్బాలో, అందుచేత దానికో రబ్బరు బ్యాండు. పాదరక్షలు: బావమరిదివి, నాకు ఒక సైజు పెద్దవి, అడుగున లోతైన గాడులున్న బూట్లు. ఈ బూట్లను పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి.

రైలు ప్రయాణం అరగంట కూడా లేదు. స్పాండావ్ దాటింది, ఇళ్లు పలచబడ్డాయి, పైన్ చెట్లు చిక్కబడ్డాయి, డల్గో-డోబెరిట్స్ అన్నారు, దిగాం. మహాప్రస్థానానికైనా ఇంతకంటే ఎక్కువ సన్నాహం ఉంటుందేమో! మాతోపాటు దిగినవాళ్లు ఒక సైకిలూ, దాని యజమానీ. ఊరి వీధుల గుండా దక్షిణంగా నడిచి, బి-5 అనే పెద్ద రోడ్డు దాటి, డోబెరిట్స్ బీడు అంచుకి చేరాం. వాళ్ల భాషలో దాన్ని 'హైడె' అంటారు. పొదలూ ఇసుకా గడ్డీ కలిసిన బయలు.

రాజుల ప్రసక్తి లేనిదే కావ్యం కాదంటారు కాబట్టి వాళ్ల సంగతి గబగబా కానిచ్చేద్దాం. 1713లో ప్రష్యా రాజు మొదటి ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ఇక్కడ సేనల చేత విన్యాసాలు చేయించాడు. 1753లో ఆయన కొడుకు, ఫ్రెడరిక్ ది గ్రేట్ అని లోకం పిలిచేవాడు, 44,000 మందిని తెచ్చి అదే పని ఇంకా పెద్దగా చేశాడు. 1895లో ఇది శాశ్వత శిక్షణ మైదానమైంది. తర్వాత కైజరు సైన్యం, ఆ తర్వాత హిట్లరు సైన్యం, 1945 తర్వాత సోవియట్ సైన్యం, 1990ల మొదటిదాకా. మధ్యలో 1936లో పక్కనే ఎల్‌స్టాల్ దగ్గర ఒలింపిక్ గ్రామం కట్టారు. జెస్సీ ఓవెన్స్ అక్కడే బస చేశాడు, మన ధ్యాన్‌చంద్ హాకీ జట్టూ అక్కడే ఉండి ఆగస్టు 15న జర్మనీని 8-1తో ఓడించింది. చూడండి, ఇన్ని గుర్రాలూ ఇన్ని ఫిరంగులూ ఇంతమంది సేనానులూ విడతలు విడతలుగా ఇక్కడ చేసిందేమిటి? యుద్ధం కాదు, యుద్ధానికి రిహార్సల్. అసలు నాటకం వేరే ఊళ్లలో ఆడారు. టికెట్టు ధర ఆ ఊళ్లు చెల్లించాయి.

కోటగుమ్మం దగ్గర ద్వారపాలకుడున్నాడు. పసుపు పలక, నల్లటి అక్షరాలు. సారాంశం: భూమిలో పేలని గుండ్లున్నాయి, దారి తప్పితే ప్రాణం తప్పుతుంది. జయవిజయులు కూడా వైకుంఠం గుమ్మంలో ఇంత సూటిగా మాట్లాడి ఉండరు. "దారి మీదే నడవండి బావగారూ, ఒంటేలుకైనా పొద చాటుకి వెళ్లకూడదు," అన్నాడు బావమరిది. కావ్యనాయకుడికి ఇంతకంటే కఠోరమైన నియమం ఏ ముని విధించాడు? ఫ్లాస్కులో టీ ఉంది, తాగకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

జులై నెల. హీదర్ పొదలు ఇంకా పూయలేదు. అవి ఆగస్టులో ఊదారంగు పరుస్తాయట. ముందురోజు వాన కురిసి వెలిసింది. దారి అంతా ఇసుక, తడి పైన, పొడి కింద. చెప్పులేసుకు గోదావరి ఇసుక తిన్నెల మీద నడిచినవాళ్లకు తెలుస్తుంది, ఒక అడుగు ముందుకేస్తే అరడుగు వెనక్కి వస్తుంది. ఒక సైజు పెద్ద బూటులో అయితే పాదం ఒక యాత్ర, బూటు ఇంకో యాత్ర చేస్తాయి.

ఇక యుద్ధకాండ.

ఒక పైన్ చెట్టు మొదట్లో, వాన పడని పొడి ఇసుకలో, గరాటులా చక్కగా తీర్చిన గొయ్యి ఉంది. వెడల్పు రెండు వేళ్లు. అడుగున ఇసుకలో పూడుకుని, కోరలు మాత్రం పైకి పెట్టి, ఒక పురుగు కాపు కాస్తుంది. ఇది పెద్దయ్యాక తూనీగలాంటి రెక్కలతో ఎగిరిపోతుంది. ఈ వయసులో మాత్రం దానికి ఇంజనీరింగు తప్ప వేరే ధ్యాస లేదు. గోడల వాలు ఎంతుండాలంటే, చీమ కాలు పెట్టగానే రేణువులు జారాలి. ఒక్క రేణువు తక్కువైనా జారదు, ఎక్కువైనా నిలవదు.

వచ్చింది ఎర్రచీమ. దుర్గం అంచున నిలబడింది, మీసాలు సవరించుకుంది, ఏమరుపాటున ఒక పాదం లోపలికి వేసింది. జర్రున జారింది. పైకి పాకింది. అప్పుడు పాతాళం నుంచి ఇసుకవాన మొదలైంది. కింది వీరుడు తల విదిలించి చీమ మీదికి రేణువులు విసురుతున్నాడు. శరపరంపర అంటే అదే, కాకపోతే ప్రతి శరమూ ఆవగింజలో నాలుగో వంతు. చీమ మళ్లీ జారింది, మళ్లీ పాకింది. మా బావమరిది ఊపిరి బిగబట్టాడు. నేను "అభిమన్యా!" అన్నాను, పైకే. మూడోసారి దానికి అంచున వేలాడుతున్న పైన్ సూది ఒకటి దొరికింది. పట్టుకుంది, ఎక్కింది, ఒక్కసారైనా వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. వ్యూహంలోకి వెళ్లడం తెలియక వెళ్లి, బయటికి రావడం తెలియక వచ్చిన వీరుణ్ని మొదటిసారి చూశాను. కింద ఆ ఇంజనీరు అలిగాడో ఏమో, ఇసుక సర్దుకోవడం మొదలెట్టాడు.

తర్వాత అడవిదున్న కనిపించింది. కంచె అవతల, దూరంగా, పడుకుని ఉంది. పెద్దది.

దానికి ఇంతకంటే వర్ణన దక్కదా అంటారేమో. కొన్ని నిజాలు చెబుతాను. ఇది యూరప్ అడవిదున్న, వాళ్లు వీజెంట్ అంటారు. అడవుల్లో ఒక్కటీ మిగలకుండా పోయిన జాతి. 1920లలో జంతుప్రదర్శనశాలల్లో మిగిలిన వాటిలోంచి పన్నెండింటి సంతానమే ఇవాళ భూమ్మీద ఉన్నవన్నీ. దాని పొరుగున ప్రజెవాల్‌స్కీ గుర్రాలూ అలాగే చావుగుమ్మం దాకా వెళ్లి వచ్చినవే. జంతువుల సినిమాలు తీసిన హైన్‌ట్స్ జీల్‌మన్ పేరుతో ఉన్న ఫౌండేషన్ 2004లో ఈ నేలను కొంది. దాదాపు 3,600 హెక్టార్లలో సగందాకా నడుమ కంచె కట్టి, మనుషులకు తలుపు మూసి, వీటిని వదిలింది. కంచె చుట్టూ ఉన్న దారులే మనవి. సైన్యం వెళ్లిపోయాక ఈ బయలును ఊరికే వదిలేస్తే చెట్లు కమ్మి అడవైపోతుంది, బయలును నమ్ముకున్న పిట్టలూ పురుగులూ పూలూ పోతాయి. మొక్కలు మేయడానికీ, ఇసుకలో పొర్లి నేల గీరడానికీ ట్యాంకుల స్థానంలో దున్నలూ గుర్రాలూ వచ్చాయి. జీతం గడ్డి. ఇంత ఘనచరిత్ర ఉన్న జంతువు నా ఎదుట చేసిందల్లా ఒక చెవి ఆడించడం. అది కూడా ఈగ కోసం.

పులిహోర అక్కడే తిన్నాం, బెంచీ మీద, దున్నకి ఎదురుగా. ఒక మెతుకు జారి పడితే దాన్ని మోసుకుపోవడానికి పదకొండు చీమలు వచ్చాయి. లెక్కపెట్టాను. మా అభిమన్యుడు వాటిలో ఉన్నాడేమో కనుక్కోవడం కుదరలేదు.

ఇప్పుడు సముద్ర వర్ణన. ప్రబంధంలో ఇది తప్పనిసరి.

దారి మలుపులో సముద్రం ఎదురైంది. పొడవు మూడు బారలు, వెడల్పు ఒకటిన్నర, లోతు నా బూటు నాడాలదాకా. ఆ కొలత ఎలా తెలిసిందో వేరే చెప్పనక్కర్లేదు. కాఫీ పాల రంగు. బురదగుంట కదా అని దాటబోతుంటే బావమరిది చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండి. వంగి చూడండి."

మోకాలి మాట పక్కనబెట్టి వంగాను. మొదట ఏమీ లేదు. తర్వాత నీటిలో నీరు కదిలింది. వేలి గోరంత పొడవు, గాజులా అటూ ఇటూ కనిపించే దేహం, పైకెత్తిన పొట్ట. వెల్లకిలా ఈదుతోంది! పదకొండు జతల కాళ్లు, ఒకదాని వెనక ఒకటి, వరికంకుల మీద గాలి నడిచినట్టు అల ఆడుతున్నాయి. అవే దాని తెడ్లు, అవే దాని మొప్పలు, అన్నం నోటికి చేర్చే చేతులూ అవే. మన దేశంలో ఒక్క శాఖ ఇన్ని పనులు చేయడం ఎక్కడైనా చూశారా? ఇంగ్లీషులో దీన్ని ఫెయిరీ ష్రింప్ అంటారు. రొయ్యకి దూరపు చుట్టం, తినడానికి పనికిరాదు, అదొక్కటే లోపం. దీని బంధువులు మన దక్షిణాది వానగుంటల్లోనూ ఉంటాయి, మనం చూడం. ఇలాంటి గుంటల్లోనే బతికే మరో బంధువుకి గ్రీకులో ట్రయాప్స్ అని పేరు, అంటే ముక్కంటి. పేరుకే కాదు, నిజంగా మూడు కళ్లు. బురదలో కైలాసం.

ఈ వంశం డైనోసార్ల కన్నా పాతది. అంత పురాతన వంశానికి ఉన్న కోట ఏమిటంటే, ఎండిపోవడం. నీరు నిలిచే చోట చేపలుంటాయి, చేపలు దీన్ని బతకనివ్వవు. అందుకే ఎండిపోయే గుంటనే కోరుకుంటుంది. కొన్ని వారాల్లో పుట్టి, పెరిగి, పెళ్లాడి, గుడ్లు పెట్టి పోతుంది. గుంట ఎండుతుంది, గుడ్లు దుమ్ములో దుమ్మై పడుంటాయి. ఎండకి మాడవు, మంచుకి పగలవు, ఏళ్ల తరబడి ఓపిక పడతాయి. మళ్లీ ఒక మంచి వాన కురిస్తే లేచి కూర్చుంటాయి.

మరి ఈ గుంటలు ఎవరు తవ్వారు? ట్యాంకులు. నలభై టన్నుల ఉక్కు దొర్లిన చోట నేల అణిగి గట్టిపడింది, వాననీరు ఇంకక నిలిచింది, మొక్క మొలవలేదు. ట్యాంకు పట్టాల బురదకి అంటుకుని గుడ్లు ఒక గుంట నుంచి ఇంకో గుంటకి ఊరేగాయి. సోవియట్ సేనానులు పశ్చిమ యూరప్‌ను భయపెట్టే ప్రణాళికలు రచిస్తున్నామనుకున్నారు. వాళ్లకు తెలియకుండా వాళ్లు నడిపింది ఈ వేలిగోరంత సంస్థానానికి సిటీ బస్సు సర్వీసు. ఇప్పుడు ఆ బస్సులు ఆగిపోయాయి. మనుషులో దున్నలో తొక్కి కెలకకపోతే గుంటలు పూడిపోతాయి, గడ్డి కమ్మేస్తుంది. అందుకని జర్మనీలో ఇలాంటి కొన్నిచోట్ల ప్రకృతి సంరక్షకులే పనిగట్టుకుని బరువైన బళ్లను బురదలో తిప్పుతుంటారు.

"అయితే ఇందులోంచే నడుద్దామా? సేవ చేసినట్టుంటుంది," అన్నాను.

"పక్కగా రండి బావగారూ," అన్నాడు. కాలు అప్పటికే జారింది.

తిరుగు ప్రయాణం పలాయనకాండ. రైలు వేళకి మేం ఊరి అంచున ఉన్నాం. మోకాలు ఒక భాష మాట్లాడుతోంది, బూటు ఇంకో భాష. గొడుగుని ఊతకర్రగా చేసుకుని, డబ్బా గలగలలే రణభేరిగా, ప్లాట్‌ఫారం మెట్లెక్కాం. తలుపు మూసుకునే పీప్ పీప్ మధ్య దూరాం. కూర్చోగానే బావమరిది శాస్త్రోక్తంగా మా ఇద్దరి పిక్కలూ మోచేతులూ వెతికాడు. నా సాక్సు అంచున నువ్వుగింజంత పిడుదు ఒకటి, రక్తతర్పణానికి ఉవ్విళ్లూరుతూ, ఎక్కుతోంది. చిటికెతో ద్వంద్వయుద్ధం ముగిసింది.

అప్పుడొచ్చాడు తనిఖీ ఉద్యోగి. బావమరిది ఫోను చూపించాడు. నేను పొద్దుటి కాగితం తీసి, ఇనప్పెట్టె పొడిచిన పచ్చబొట్టు కనబడేలా పట్టుకున్నాను. తిరుగు ప్రయాణానికి వేరే టికెట్టు అక్కర్లేకుండా రోజంతా చెల్లేదే కొన్నామని బావమరిది వివరించాడు. ఆయన చూశాడు, తల పంకించాడు, తిరిగి ఇచ్చాడు.

నా కళ్లు కిందికి పోయాయి. బూటు అడుగు గాడుల్లో కాఫీ పాల రంగు బురద, అప్పుడే అంచుల్లో ఆరడం మొదలైంది. అందులో ఎన్ని గుడ్లున్నాయో, ఎన్నేళ్లైనా వానకి ఎదురుచూడగలిగినవి, ఎవరూ లెక్కపెట్టలేరు. టికెట్టు ఒక్కదానికీ లేదు. నేను మెల్లగా కాళ్లు సీటు కిందికి జరిపాను. ఆయన తర్వాతి సీటుకి వెళ్లిపోయాడు.