గోల్డెన్ గేట్ చూసిన రోజు

"రేపు లీవు పెట్టానమ్మా. పొద్దున్నే శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్దాం. గోల్డెన్ గేట్ చూపించకుండా మిమ్మల్ని విమానం ఎలా ఎక్కిస్తాను?" అన్నాడు కొడుకు.

ఆ మాటతో ఆవిడకు రాత్రంతా నిద్ర పట్టలేదు. కోడలి ప్రసూతి సెలవు అయిపోతోందని ఏప్రిల్లో ఫ్రీమాంట్ వచ్చారు భార్యాభర్తలిద్దరూ. ఇప్పుడు సెప్టెంబరు ఆఖరు. విజిటర్ వీసా మీద దిగినవాళ్లకు మామూలుగా ఇచ్చేది ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ చంటివాడి స్నానాలతో, ఉగ్గుతో, జోలతోనే సరిపోయాయి. ఎల్లుండి కోడలి అమ్మానాన్నలు దిగి పిల్లాణ్ణి అందుకుంటారు.

ఈ ఆరు నెలల్లో వీళ్లు చూసిన అమెరికా అంటే శనాదివారాల్లో కాస్ట్‌కో, లివర్‌మోర్ గుడి. కొడుకు ఇంట్లోంచే పనిచేసినా తలుపు తెరుచుకునేది కాదు. కంచం ముందు కూర్చున్నా ఫోను మోగేది, ముద్ద చేతిలోనే ఆగిపోయేది. ఆ ఇంగ్లీషు ఆవిడకు ఒక్క ముక్క తెలియదు. మోగిందంటే ఆఫీసే అని లెక్క. పిల్లాణ్ణి భుజాన వేసుకుని తిప్పీ తిప్పీ మోకాళ్లు పట్టేసేవి. వాడు నిద్రపోయాక అమృతాంజనం రాసుకుని నడుం వాల్చేది.

తెల్లారకుండానే లేచి పులిహోర కలిపింది. పెట్టెలు కొడుకు రాత్రే గ్యారేజీలోకి చేర్చాడు. వాళ్ల మంచం మీది దుప్పట్లు కోడలు అప్పుడే తీసి వాషింగ్ మెషీన్లో వేసింది. "మేం వెళ్లాక వేసుకోవచ్చుగా అమ్మాయ్" అంటే, "ఒక పనైపోతుంది కదా అత్తయ్యా" అంది. ఆవేళ పిల్లాడితో స్నేహితురాలింటికి వెళ్లి అక్కణ్ణించే పనిచేసుకుంటానంది. ఎనిమిదిన్నరకల్లా అందరూ గుమ్మం దాటారు.

వంతెన దగ్గర పదకొండింటికి గానీ పొగమంచు విడలేదు. విడిచాక, ఎర్రటి స్తంభాలు రెండూ నీళ్లలోంచి 746 అడుగుల ఎత్తున బయటపడ్డాయి. ఆవిడ భర్త మాస్టారు, బాపట్ల వైపు హైస్కూళ్లలో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైనవారు. వేలాడే వంతెన బొమ్మ నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశారో! ఇవాళ అది ఎదురుగా నిలబడితే మాట రాలేదు కాసేపు.

"రెండు స్తంభాల మధ్య 4,200 అడుగులు. 1937లో తెరిచినప్పుడు ప్రపంచంలో ఇంత పొడవాటిది ఇంకోటి లేదు" అన్నారు తేరుకుని.

"మధ్యలో ఒక్క కాలైనా లేకుండా ఎలా ఆగిందండీ?"

వంతెనను మోసే కేబుల్‌ను అడ్డంగా కోసిన ముక్క ఒకటి అక్కడ చూడ్డానికి పెట్టారు. మూడడుగుల అడ్డుకొలత. లోపల పెన్సిల్ కన్నా సన్నటి ఉక్కు తీగలు 27,572. ఆవిడ చెయ్యి దాని మీద ఆనించి చెప్పారు మాస్టారు: రోడ్డు బరువు నిలువు తాళ్లకూ, తాళ్ల నుంచి ఈ కేబుళ్లకూ ఎక్కుతుంది. కేబుళ్లను రెండు ఒడ్డుల్లోనూ కాంక్రీటు దిమ్మలు లాగి పట్టుకుంటాయి. అవి వదిలితే ఏదీ నిలవదు.

పక్కనే చీఫ్ ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ విగ్రహం. దాని దగ్గర ఆగి ఆయన ఇంకొకరి సంగతి చెప్పారు. ఈ వంతెన లెక్కలు రాత్రింబవళ్లు కూర్చుని కట్టినవాడు చార్లెస్ ఎల్లిస్. 1931 చివర్లో స్ట్రాస్ ఆయన్ని పని నుంచి తప్పించాడు. ఉద్యోగం పోయినా, పైసా జీతం లేకుండా నెలల తరబడి ఆ లెక్కలే సరిచూస్తూ ఉండిపోయాడాయన. వంతెన తెరిచిన నాడు ఎల్లిస్ పేరు ఎక్కడా లేదు. అక్కడ ఆయన పేర ఫలకం పెట్టింది 2012లో. అప్పటికి ఆయన పోయి అరవయ్యేళ్లు దాటింది.

"అయ్యో, ఆయన పెళ్లాం ఎంత ఏడ్చిందో!" అంది ఆవిడ.

కొడుకు ఇద్దర్నీ నిలబెట్టి ఫోటోలు తీశాడు. గాలికి ఎగిరే పైట తనే సర్దాడు. బెంచీ మీద కూర్చుని పులిహోర మారు వేయించుకున్నాడు. ఫోను జేబులోంచి తీయకుండా వాడు తింటుంటే ఆవిడ తన ముద్ద మర్చిపోయి చూస్తూ ఉండిపోయింది. "మనకోసం ఉద్యోగం మానుకుని వచ్చాడండీ" అని మాస్టారి చెవిలో చెప్పింది.

ఒంటిగంటకు అడిగింది: "ఇంక ఇంటికి పోదాంరా నాన్నా. పిల్లాణ్ణి కాసేపు ఒళ్లో పడుకోబెట్టుకుంటాను. రాత్రి ఎక్కామంటే దుబాయ్‌కే పదహారు గంటలాయె."

"నాలుగు దాటాక వెళ్దామమ్మా. ఇంకా సీ లయన్లను చూడలేదుగా!"

అవీ చూశారు. ఎనిమిది వంపుల లొంబార్డ్ వీధిలో కారు దిగుతుంటే ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది.

మూడున్నరకు బే బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. ఫోను మోగింది. స్టీరింగ్ దగ్గర మీట నొక్కగానే ఎవరో మగమనిషి గొంతు కారంతా వినిపించింది, ఇంగ్లీషులో. కార్పెట్ క్లీనింగ్ అయిపోయిందట. మూడు వారాల కిందట బుక్ చేసినప్పుడు రాసిన ఆ బామ్ వాసన పూర్తిగా పోయిందట. రేపు వచ్చే అతిథులకు గది సిద్ధమట. ఇవాళ నాలుగింటి దాకా ఇంట్లో మనుషులెవరూ లేకుండా చూసినందుకు చాలా థాంక్సట.

కొడుకు తడబడుతూ ఫోను కట్టేశాడు. మాస్టారికి ప్రతి మాటా అర్థమైంది.

వెనక సీట్లోంచి ఆవిడ ముందుకు వంగి కొడుకు భుజం నిమిరింది. "చూశారా అండీ, మనకోసం ఒక్కరోజు లీవు పెట్టుకుంటే, ఆ ఆఫీసువాళ్లు ఇవాళైనా వదల్లేదు పిల్లాణ్ణి!"