కలిసిన నదులు, విడిపోయిన బ్లాకులు

ఢిల్లీలో అశోకా రోడ్, ఒకటో నంబరు: ఆంధ్రాభవన్. 2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలయింది గానీ ప్రహరీ ఒకటే మిగిలింది. లోపల రెండు ప్రభుత్వాలు, ఇద్దరు రెసిడెంట్ కమిషనర్లు, ఎవరి బోర్డు వారిది. సంస్థల నిర్మాణం మీద లావుపాటి పుస్తకాలు రాసే మేనేజ్‌మెంట్ పండితులు ఇటు తొంగిచూడకపోవడం వాళ్ల దురదృష్టం.

పంచుకోవాల్సింది సుమారు 19.78 ఎకరాలు. జనాభా లెక్కన 58.32, 41.68 వాటాలు. ఎక్కాల పుస్తకం ఉన్న పిల్లాడు పూటలో తేల్చే ఈ లెక్క మీద హైదరాబాద్, అమరావతి, కేంద్ర హోంశాఖల మధ్య ఫైళ్లు దాదాపు పదేళ్లు తిరిగాయి. చివరికి 2024 మార్చిలో తేలింది. తెలంగాణకు శబరి బ్లాకు, పటౌడీ హౌస్ స్థలంలో కొంత భాగం కలిపి 8.245 ఎకరాలు. ఆంధ్రప్రదేశ్‌కు గోదావరి, స్వర్ణముఖి బ్లాకులు, నర్సింగ్ హాస్టల్ స్థలం, పటౌడీ హౌస్‌లో మిగతా భాగంతో 11.536. మూడు దశాంశాల దాకా న్యాయం!

కూనవరం దగ్గర శబరి ఎవరినీ అడక్కుండా గోదావరిలో కలుస్తుంది. ఢిల్లీలో ఆ రెంటినీ విడదీయడానికి మాత్రం కేంద్రం దిగిరావాల్సి వచ్చింది.

ఆంధ్రాభవన్ క్యాంటీన్‌కు ఈ గొడవ పట్టలేదు. డబ్బు కట్టి, చీటీ పట్టుకుని, పిలిచేదాకా నిలబడాలి. ఖాళీ అయిన కుర్చీయే హోదా. ఎదుట అధికారి ఉండొచ్చు, సివిల్స్ కుర్రాడూ ఉండొచ్చు. పప్పు గిన్నెతో తిరిగేవాడు వాటా ఎంతని అడగడు, వేసుకుంటూ పోతాడు. ఆదివారం బిర్యానీ క్యూలోనైతే హిందీ, పంజాబీ కూడా గట్టిగానే వినిపిస్తాయి.