ముందు బయలుదేరిన పెట్టె

మా ఇంట్లో బయలుదేరడం వేరు, వెళ్లడం వేరు. రెండింటికీ మధ్య మామూలుగా ఐదారు గంటలు తేడా ఉంటుంది.

హైదరాబాద్ నుంచి విజయవాడకి రమారమి 275 కిలోమీటర్లు. దారి ఖాళీగా ఉంటే ఐదు గంటలు. సంక్రాంతికి ఖాళీగా ఉండేది హైదరాబాదే తప్ప ఆ దారి కాదు కాబట్టి, రద్దీని తప్పించుకోవడానికి భోగికి నాలుగు రోజుల ముందు, రెండో శనివారం తెల్లవారుజామున నాలుగింటికే కారు తియ్యాలని తీర్మానించాను. ఇంత దూరాలోచన ఊరు మొత్తమ్మీద నాకొక్కడికే వచ్చిందని చౌటుప్పల్ దాకా గట్టిగా నమ్మాను.

నాలుగింటికి లేచింది అలారం ఒక్కటే. అందరూ తెమిలి, పిల్లలకి బూట్లు తొడిగేసరికి ఎనిమిదీ యాభై అయింది. అప్పుడు అమ్మ క్యాలెండరు చూసింది. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర వరకు రాహుకాలం.

"పది నిమిషాలుందిగా, పదండి" అన్నాను.

"ఈ ఇంట్లో పది నిమిషాల్లో గడప దాటినవాడు లేడు. ప్రస్థానం పెట్టు" అంది అమ్మ.

తెలియని కుర్రకారు కోసం చెబుతున్నాను. మంచి ఘడియ దాటిపోయేలా ఉంటే, మనకి బదులు మన సామాన్లో ఒకదాన్ని ముందుగా గడప దాటించి వేరే ఇంట్లో ఉంచుతారు. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత మనం ఎప్పుడు కదిలినా రాహువు అభ్యంతరం చెప్పడు. సెలవు చీటీ పంపించి ఇంట్లో పడుకోవడం లాంటిదే, కాకపోతే దీనికి శాస్త్రం ఒప్పుకుంటుంది. ఎర్ర పెట్టె పట్టుకెళ్లి కింద వాచ్‌మన్ గదిలో పెట్టొచ్చాను. ఎనిమిదీ యాభై ఎనిమిదికి శుభంగా బయలుదేరాం. తొమ్మిదీ నలభైకి కారెక్కాం.

పెట్టె ఎక్కించావా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. అది ముందే వెళ్లిపోయిందని అందరి మనసుల్లోనూ స్థిరపడిపోయింది.

డిక్కీలో మిగతావన్నీ ఉన్నాయి. విజయవాడలో ఉండే అక్కయ్య ఎండాకాలంలో పంపిన ఆవకాయ జాడీతో సహా. ఖాళీ జాడీ తిరిగివ్వకూడదని అమ్మ అందులో ఉస్మానియా బిస్కెట్లు నింపింది. రెండు రాష్ట్రాల రుచులూ అంతగా ఏకమైన సందర్భం విభజన తర్వాత మళ్లీ ఉండి ఉండదు.

చౌటుప్పల్ దగ్గర బళ్లు ఆగిపోయాయి. తెల్లారకముందే లేచి రద్దీని తప్పించుకుందామనుకున్న కుటుంబాలన్నీ అక్కడే ఉన్నాయి. ఒకరినొకరు చూసుకుని, ఈ జనమంతా ఇవాళే ఎందుకు బయల్దేరారో అని విసుక్కుంటున్నాం. ఈలోగా ఫోన్లో దారి చెప్పే ఆవిడ, ఎడమకి తిరిగితే పద్దెనిమిది నిమిషాలు కలిసొస్తుందంది. తిరిగాను. తారురోడ్డు సిమెంటు రోడ్డయింది, అది మట్టిబాట అయింది, మట్టిబాట ఒక తడిక దగ్గర ఆగింది. లోపల్నుంచి ఒకాయన పళ్లపుల్ల నముల్తూ వచ్చాడు.

"గా ఫోన్ల అక్క చెప్పిందా?"

అవునన్నాను.

"పొద్దుగాల నుంచి మీది పదమూడో కారు. ఇది మా బర్ల కొట్టం, బెజవాడ ఇటు కాదు. జర ఎనకకు తీస్కో సారూ, బర్రె బెదుర్తది."

వెనక్కి తీశాను. వెనక పధ్నాలుగో కారుంది. 

మళ్లీ హైవే ఎక్కేసరికి ఇందాక నా వెనక నిలబడ్డ లారీ ముందుకెళ్లిపోయింది. ఫోన్లో ఆవిడ తప్పు చెప్పినందుకు నాన్నగారు సంతోషంగా కనిపించారు. ఆయన లెక్కలో ఇది ఇప్పటికీ తొమ్మిదో నెంబరు రోడ్డే. 2010లో జాతీయ రహదారులకి కొత్త నెంబర్లిచ్చి దీన్ని 65 చేసినా, ఆ మాట తనతో ఎవరూ అనలేదంటారు. ఫోన్లో ఆవిడ అరవై ఐదు అన్నప్పుడల్లా ఈయన తొమ్మిది అని దిద్దారు. చివరికి చార్జింగు అయిపోయి ఆవిడే ఊరుకుంది.

సరిగ్గా ఆ సమయానికి పంతంగి టోల్‌గేటు వచ్చింది. అద్దం మీద ఫాస్టాగ్ ఉంది, అందులో డబ్బుల్లేవు. తప్పు నాదే, నింపడం మర్చిపోయాను. అప్పటి నియమం ప్రకారం, ట్యాగు పనిచెయ్యకపోతే నగదు రెట్టింపు కట్టాలి, 2025 నవంబరు 15 నుంచి యూపీఐలో కడితే ఒకటింపావు రెట్లు చాలు. అంటే మతిమరుపుకి కూడా రెండు రకాల ధరలున్నాయి. తక్కువ ధర మతిమరుపు కావాలంటే ఫోను పనిచెయ్యాలి.

"చార్జరేదీ?"

"పెట్టెలో ఉంది" అంది మా ఆవిడ.

"పెట్టేదీ?"

వెనక పాతిక హారన్లు ఒక్కసారిగా మోగాయి గానీ కారులో మాత్రం నిశ్శబ్దం. పెట్టెలో పిల్లల కొత్తబట్టలున్నాయి. నాన్నగారి బీపీ మాత్రలున్నాయి. మా ఆవిడ ఫోన్లోంచి కట్టొచ్చుగా అంటే, "అందులో మీరు వేస్తేనే కదా ఉండేది" అంది. నాన్నగారు చొక్కా లోపలి జేబులోంచి నోట్లు తీసి రెట్టింపు కట్టారు. ఆ విషయం నర్కెట్‌పల్లి దాకా మాట్లాడారు.

వాచ్‌మన్‌కి ఫోన్ చేశాం. "మీ పెట్టి నా కాడే ఉన్నాది బాబూ. నానూ పండక్కి మావూరు ఎల్తన్నాను. గదికి తాళం సరిగ్గా పడదు గదా, అమ్మగారేమో బద్రం అన్నారు, అందుకే తెచ్చీసినాను. ఎల్బీనగర్లో బస్సెక్కీసినాను." శ్రీకాకుళం వెళ్లడానికి అతను బెజవాడలో బస్సు మారాలి. పండగ మూడు రోజులూ మా అపార్ట్‌మెంటుకి కాపలా ఎవరని అడగబోయి, మానేశాను.

అక్కయ్య అరగంటకోసారి ఫోన్. పొద్దున టిఫినుకే వస్తామని పెసరపిండి రుబ్బి కూర్చుంది. నకిరేకల్‌లో ఉండగా మా ఆవిడ "సూర్యాపేట దాటేశాం వదినా" అంది. సూర్యాపేటలో ఉండగా అమ్మ "కోదాడ" అంది. అబద్ధం మాకంటే నలభై కిలోమీటర్లు ముందు నడిచింది. నిజానికి అప్పుడు సూర్యాపేట హోటల్లో ఒక తెలియని కుటుంబం కుర్చీల వెనక నిలబడి, వాళ్లు పెరుగన్నంలోకి ఎప్పుడొస్తారా అని చూస్తున్నాం. ఆ పెద్దాయన మమ్మల్ని చూసి, తాపీగా మళ్లీ సాంబారు పోయించుకున్నాడు. మా వంతొచ్చాక, మా కుర్చీల వెనక నిలబడ్డవాళ్లని చూసి నేనూ అదే చేశాను.

కోదాడ, గరికపాడు, నందిగామ. చిన్నవాడికి మూడుసార్లు వాంతులు. బిస్కెట్లే. ఆవకాయ వాసన.

భవానీపురంలో అక్కయ్య ఇల్లు. దారి చెప్పే ఆవిడ లేకపోతేనేం, తాను పుట్టి పెరిగిన ఊరని నాన్నగారు దారి చెప్పడం మొదలుపెట్టారు. "తిన్నగా పోనీ, నేను చెబుతాగా." తిన్నగా పోనిచ్చాను. కారు పైకెక్కింది. కుడివైపు కృష్ణ, ఎడమవైపు ఇంద్రకీలాద్రి దీపాలు కంటికెదురుగా వచ్చాయి. అమ్మ కారులోంచే దుర్గమ్మకి దణ్ణం పెట్టుకుంది.

"ఈ వంతెన ఎప్పుడు కట్టార్రా?"

"2020లో తెరిచారు నాన్నగారూ."

"నాతో ఎవరూ అన్లేదే!"

అక్కయ్య ఇల్లు వెనకెక్కడో ఉండిపోయింది. దిగి ముందుకెళ్తే బస్టాండు. రాత్రి తొమ్మిదిన్నర. వెనక్కి తిప్పుకోవడానికి చోటు వెతుకుతుంటే, ప్రహరీ పక్కన ఎర్రగా ఏదో కనిపించింది. దాని మీద కూర్చుని మా వాచ్‌మన్ టీ తాగుతున్నాడు. బస్సు ఏడున్నరకే వచ్చేసిందట.

అమ్మ అద్దం దించి పెట్టె వంక తృప్తిగా చూసింది.

"చూశావా, రాహుకాలం రాకముందే బయల్దేరింది కాబట్టి వేళకి చేరింది."